తొట్టి పక్కన ఖాళీ జాగా

"ఆ ఆవులు మీవేనా, ఎల్డన్ గారూ?"

నాలుగోసారి అడిగాను. నాలుగోసారి కూడా ఎల్డన్ ఫ్రీసెన్ నా మొహంలోకి చూడకుండానే "నావేనమ్మా" అన్నాడు. అబద్ధం అలవాటు లేని మనిషి. అలవాటున్నవాళ్ళయితే ఈపాటికి నా మీద విసుక్కునేవాళ్ళు.

పక్కగదిలో ఆక్సిజన్ మిషన్ గురగురమంటోంది. ఆయన భార్య వెర్నాకి ఆగస్టులో కరోనా వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దక్కలేదు. కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు ముడుచుకుపోయాయి కూడా. కాఫీ కప్పు రెండు మణికట్ల మధ్య ఇరికించి తాగుతోంది. మంచం పక్కన చిన్న సిలిండరు ఒకటి ఉంది. కరెంటు పోతే ఎల్డన్ దాని మూత తిప్పి గొట్టం మార్చాలి. ఆ వారం చలి ఎంత ముదిరిందంటే కాన్సస్ అంతటా ఊళ్ళకి వంతులవారీగా కరెంటు తీస్తున్నారు.

"వచ్చినావిడకి ఏమైనా పెట్టావా?" అని వెర్నా లోపల్నించి అడిగింది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"పెట్టాను, పడుకో" అన్నాడు ఎల్డన్. నా ముందున్న గసగసాల రొట్టె నేను ముట్టలేదు. జైలుకి పంపబోయేవాళ్ళ ఇంట్లో తినడం నాకు చేతకాదు.

నా పేరు వెల్డా ప్రూయిట్. రాష్ట్రం తరఫున పశువుల దొంగతనాలూ, పశువుల పేరు చెప్పి జరిగే దొంగతనాలూ విచారిస్తాను. రెండో రకమే ఎక్కువ. ఈ కేసులో మాత్రం దొంగతనం పక్కన ఒక శవం కూడా ఉంది.

నడీన్ ష్రాగ్ మెరిడిత్ కౌంటీలో వారపత్రిక నడిపేది. కరోనా ఏడాది ప్రభుత్వం రైతులకి ఆవుకింత అని సాయం పంచింది కదా, అది ఎవరికి ఎంత ముట్టిందో వ్యవసాయ ఆఫీసు మెడలు వంచి తెప్పించుకుని, పేరుపేరునా అచ్చేసింది. ప్రజల డబ్బు, ప్రజలకి తెలియాలి, అంతే ఆమె వాదన. కౌంటీ భగ్గుమంది. సగంమంది చందా మానేశారు. చర్చిలో ఆమె పక్క బెంచీ ఖాళీ అయింది. పోస్టుడబ్బాలో ఎవరో చచ్చిన ఎలుకల్ని వేశారు. షెరీఫ్ రాస్ టోలివర్ ఒక్కడే మెచ్చుకున్నాడట. ఆయనకీ పెద్ద మందే ఉంది, నవంబర్లో ఆఫీసువాళ్ళు వచ్చి లెక్కపెట్టి వెళ్ళారు. కెఫేలో అందరి ముందూ తన పేరు, తన మొత్తం పైకి చదివి, "నాకు దాపరికం లేదు, మీకేంటి నొప్పి" అన్నాడట.

అందరి కళ్ళూ పడింది ఎల్డన్ పేరు మీద. ఆయనకి ముప్ఫై ఆవులని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అచ్చులో ఉన్నది రెండొందల ఆవుల సాయం. గోల పెరిగి పోయిన నెల ఆఫీసువాళ్ళు వచ్చి లెక్కపెట్టుకున్నారు. బీడులో సరిగ్గా రెండొందలు ఉన్నాయి. చెవులకి ఎల్డన్ పేరున్న పసుపు బిళ్ళలు ఉన్నాయి. ఫైలు మూసేశారు.

సోమవారం మధ్యాహ్నం నడీన్ నాకు ఫోన్ చేసింది. "కాగితాల్లో ఏం లేదు వెల్డా, కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. నేను వెళ్ళి ఆవుల్నే చూస్తా" అంది. మంగళవారం పొద్దున ఎల్డన్ బీడులో నీళ్ళతొట్టి పక్కన ఆమె శవం దొరికింది. తల వెనక దెబ్బ. మంచు మీద జారి తొట్టి అంచుకి కొట్టుకుందని షెరీఫ్ తేల్చేశాడు. ఈ రోజు గురువారం. ఆమె పత్రిక రావాల్సిన రోజు.

"తొట్టి దగ్గరికి వెళ్దాం పదండి" అన్నాను.

"వెర్నాని ఒక్కదాన్నే వదిలి..."

ఆయన మాట పూర్తికాకముందే బయట బండి ఆగింది. డిప్యూటీ కోడీ, షెరీఫ్ అల్లుడు, బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. మాస్కు గడ్డం కిందకి ఉంది. నేను చూస్తే పైకి లాక్కున్నాడు.

"షెరీఫ్ గారు పంపారండి. మీరు ఎల్డన్ గారిని బయటికి తీసుకెళ్తే వెర్నా గారికి తోడు ఉండమన్నారు. కరెంటు పోతుందేమోనని."

రాస్ టోలివర్‌లో ఈ మంచితనం ఎక్కడిదా అనుకున్నాను. ఎల్డన్ మొహం పాలిపోయింది. చలి అనుకున్నాను. అక్కడ నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది.

*

బీడు ఇంటికి ఆరు మైళ్ళు. నా కారులోనే తీసుకెళ్ళాను. దారిలో రెండు పికప్‌లు ఎదురొచ్చాయి. మా వైపు ఎదురొచ్చే బండికి స్టీరింగు మీంచి ఒక వేలు లేపడం ఆనవాయితీ. తెలిసినవాడైనా, కానివాడైనా, లేపుతాం. అది లేకపోతే ఊపిరాడనట్టు ఉంటుంది మాకు. ఎల్డన్ రెండుసార్లూ మోకాలి మీంచి వేలు లేపాడు. ఆ బండ్లవాళ్ళు ఆయన్ని చూసి రోడ్డు వైపు చూపు తిప్పుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"పేపర్లో పడ్డప్పట్నించి" అన్నాడు. "నలభై ఏళ్ళు వాళ్ళ గడ్డి కోతలకి వెళ్ళానమ్మా. ఒక్కళ్ళూ లేపట్లేదు."

కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

గేటు దాటి గుట్ట దిగితే పల్లంలో తొట్టి. అక్కడ ఫోన్ సిగ్నలు అందదు. మంద దూరంగా అవతలి వాలులో గాలికి వీపు పెట్టి నిలబడి ఉంది. నేను దిగి తొట్టి చుట్టూ తిరగకుండా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మంచు పొడిని కారులోంచి తెచ్చిన చీపురుతో ఊడ్చాను. కింద నేల రాయిలా బిగిసి ఉంది, దాని మీద గిట్టల అచ్చులు.

"సోమవారం ఎప్పటిదాకా ఎండ ఉంది?" అని అడిగాను.

"సాయంత్రం అయిదు దాకా ఉంది. తర్వాత ఉత్తరపుగాలి తిరిగింది. రాత్రికల్లా గడ్డకట్టింది. అప్పట్నించి కరగలేదు."

"అంటే ఈ బురదలో అచ్చులన్నీ సోమవారం సాయంత్రంలోపువి. ఆ తర్వాత ఎవరు నడిచినా, ఎన్ని ఆవులు వచ్చినా గుర్తు పడదు."

తొట్టి అంచు పక్కన రెండు చిన్న బూట్ల అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి. ఆడమనిషి బూట్లు. మడమలు తొట్టి వైపు ఉన్నాయి, వేళ్ళు ఎదుటికి. నడీన్ ఇక్కడ నిలబడి ఎదురుగా దేన్నో చూసింది. వెనక్కి పడింది. ఆమె నిలబడ్డప్పుడు ఇక్కడ చీలమండల్లోతు బురద ఉంది. షెరీఫ్ చెప్పిన మంచు ఇంకా పుట్టలేదు.

ఆ వేళ్ళు చూపించిన వైపు ఊడ్చుకుంటూ పోయాను. గిట్టలు, గిట్టలు, గిట్టలు. ఆవులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తొక్కిన నేల. ఆ తొక్కుడు మధ్యలో ఒక చోట ఒక్క గిట్ట కూడా పడలేదు. ఊడ్చేకొద్దీ ఆ ఖాళీ జాగాకి నాలుగు మూలలు తేలాయి. పొడవు, వెడల్పు చూస్తే పికప్ బండి పట్టేంత. బండి అక్కడ నిలబడి ఉండగా మంద వచ్చి దాన్ని చుట్టుముట్టింది.

"ఎల్డన్ గారూ, సోమవారం మీరు ఇక్కడికి బండి తెచ్చారా?"

"లేదమ్మా. వెర్నాని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చీకటి పడ్డాక వచ్చాం. ఆస్పత్రివాళ్ళని అడగండి."

"అడిగాను. అందుకే మీకు బేడీలు వెయ్యలేదు." ఖాళీ జాగా వెనక అంచులో, బురదలో కూరుకుపోయి, బొటనవేలంత దాణా ముక్కలు రెండు మూడు కనిపించాయి. ఒకటి పెకిలించాను. "మీ ఆవులకి ఏం వేస్తారు?"

"ఎండుగడ్డి."

"దాణా?"

"ఈ ఏడు దాణా కొనే స్తోమతు ఎక్కడిది?"

అన్నాక తనేమన్నాడో ఆయనకే తెలిసింది. తొట్టి దగ్గర ఒక ముసలి ఆవు నీళ్ళకి వచ్చి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చెవి పట్టుకున్నాను. పసుపు బిళ్ళ కొత్తది. దాని పక్కన ఇంకో కన్నం ఉంది, మానిపోయిన పాతది. బిళ్ళ తీసి బిళ్ళ వెయ్యడం ఒక్క పూట పని. కన్నం మాత్రం పూడదు.

"కొన్న ఆవులకి పాత కన్నాలుంటాయి కదమ్మా" అన్నాడు మెల్లగా, నేను అడక్కుండానే.

"ఉంటాయి. ఎవరి దగ్గర కొన్నారు?"

గాలి వీస్తోంది. ఆయన టోపీ చెవుల మీదకి లాక్కున్నాడు.

"సరే, పిలవండి మీ ఆవుల్ని. నా కారు హారన్ కొట్టండి. మీ బండి హారన్ ఎలా కొడతారో అలాగే."

మా వైపు పశువుల్ని పిలవడానికి ఎవరూ గొంతు చించుకోరు. బండి వేసుకుని బీడులోకి వెళ్ళి తన పద్ధతిలో మోగిస్తారు. ఒకడు పొడుగ్గా హారన్ కొడతాడు, ఒకడు మూడుసార్లు పొట్టిగా, ఒకడు పాత గంట కట్టుకుంటాడు. పొద్దున్నే ఆ మోత, వెనకే దాణా. నెల రోజులు చాలు, ఆ మంద ఆ మోతకి తప్ప ఇంకో మోతకి కదలదు.

ఎల్డన్ రెండు పొడుగు, ఒక పొట్టి కొట్టాడు. ఎదుటి వాలులోంచి పాతిక ముప్ఫై ఆవులు తలెత్తి ఇటు నడవసాగాయి. అవి ఆయనవి. మిగిలినవి కదల్లేదు.

"చలికి బద్ధకించాయి" అన్నాడు.

"ముప్ఫైకి లేని బద్ధకం మిగతావాటికి వచ్చిందా?" అని నా కారు సైరన్ మోగించాను. సర్కారు కారు కదా, నాకూ ఉంది ఒకటి. ఒకటి రెండు చెవులు ఊగాయి. అంతే. "ఎల్డన్ గారూ, ఆ మంద ఎవరిది?"

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. డెబ్బై దాటిన మనిషి. కళ్ళలో నీళ్ళు గాలికే వచ్చాయని సరిపెట్టుకోవచ్చు, నేను సరిపెట్టుకోలేదు.

"నేను చెప్తే నన్ను లోపలేస్తారు. నా సంతకమే కదా. వేస్తే వెయ్యండి, తప్పు చేశాను. ఆస్పత్రి బిల్లు వచ్చిన రోజు ఎవడు ఏం చెప్పినా సంతకం పెట్టేవాణ్ణి. కానీ నేను లోపలుంటే రాత్రి కరెంటు పోతే ఆ సిలిండరు ఎవరు తిప్పుతారు? దాని చేతులు చూశారు కదా మీరు."

చూశాను.

*

షెరీఫ్ పికప్ గుట్ట మీంచి నెమ్మదిగా దిగింది. నా కారు పక్కనే ఆపాడు. ఆ ఇంజను చప్పుడుకి అవతలి వాలులో కొన్ని తలలు లేచాయి. టోలివర్ చప్పున ఇంజను ఆపేసి, తాళంచెవి బండికే వదిలి దిగాడు. ఇక్కడ తాళంచెవి తీసే అలవాటు ఎవరికీ లేదు. కానీ ఈ చలిలో ఇంజను ఆపి హీటరు పోగొట్టుకునేవాణ్ణి మాత్రం ఇదే చూడటం.

రాస్ టోలివర్‌దీ నాదీ పాత పేచీ. హైస్కూల్లో వాళ్ళ ఊరు, మా ఊరు ఆటల్లో కొట్టుకునేవి. ఉద్యోగాల్లోకి వచ్చాక మేమిద్దరం ఆ పని అందుకున్నాం.

"ఏం వెల్డా, మా కౌంటీ చలి నచ్చిందా?"

"బురద నచ్చింది. మంచు మీద జారిందని రాశావు. సోమవారం నాలుగింటికి ఇక్కడ మంచు ఎక్కడిది రాస్?"

"నాలుగింటికని ఎవరు చెప్పారు?"

"ఆమె బూట్లు చెప్పాయి. అయిదు దాటాక అంత లోతు దిగవు. నువ్వు ఇక్కడికి మొదట ఎప్పుడొచ్చావు?"

"మంగళవారం పొద్దున. ఎల్డన్ ఫోన్ చేస్తే."

"నేల గడ్డకట్టాక."

"అవును, గడ్డకట్టాక. అయితే?"

"అయితే ఈ బండి జాగా నీది కాదన్నమాట." ఊడ్చిన చోటు చూపించాను. ఆయన చూశాడు. తర్వాత నవ్వాడు.

"బాగుంది. నువ్వు చెప్పిందే నిజం అనుకుందాం. ప్రమాదం కాదు, ఎవరో తోశారు. ఎవరి బీడు ఇది? ఎవరి ఆవులు? ఆ పేపరు వల్ల ఎవడి పరువు పోయింది?" ఎల్డన్ వైపు నడిచాడు. "నేను పోనీలే పాపం, ముసలాడు, ఇంట్లో జబ్బు మనిషి అని ప్రమాదం అని రాశాను. నువ్వు ఊరుకోవు కదా. చెయ్యి పట్టు ఎల్డన్."

"ఆయన సోమవారం ఆస్పత్రిలో ఉన్నాడు."

"ఆస్పత్రిలో వెర్నా ఉంది. ఈయన బయట కారులో కూర్చున్నాడు. కరోనా కదా, లోపలికి రానివ్వరు. నాలుగ్గంటలు ఎవరు చూశారు ఈయన్ని?"

నాకు ఒళ్ళు మండింది. మండటానికి కారణం, ఆ మాట ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. ఎల్డన్ చెయ్యి చాపాడు. గొడ్డు మెడ వంచినట్టు చాపాడు. టోలివర్ ఒక మణికట్టుకి బేడీ వేశాడు.

"వెల్డా, నీ చీపురు తీసుకుని సాయంత్రంలోపు కౌంటీ దాటితే సంతోషం" అన్నాడు నా వైపు తిరక్కుండానే.

"దాటతాను. గ్లవ్స్ ఇక్కడే ఎక్కడో పెట్టాను" అంటూ నేను కారు వైపు నడిచాను. నా కారు దాటి ఇంకో నాలుగడుగులు వేసి, షెరీఫ్ పికప్ తలుపు తీసి లోపలికి వంగాను. తాళంచెవి తిప్పాను. సైరన్ మీట కిందకి నొక్కాను.

పాత సైరన్. కొత్తది కొనడానికి కౌంటీ దగ్గర డబ్బుల్లేవు. పైకి లేస్తూ మధ్యలో గొంతు విరిగి, మళ్ళీ అందుకునే మోత. రాష్ట్రంలో ఇలాంటిది ఇంకోటి లేదు.

"ఆపు" అన్నాడు టోలివర్. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

అవతలి వాలు మొత్తం కదిలింది. బద్ధకం లేదు, చలి లేదు. నిండు చూలుతో ఉన్న ఆవులు సైతం పొట్టలు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాయి. ఎల్డన్‌ని పక్కకి నెట్టుకుంటూ, నా కారుని రాసుకుంటూ వచ్చి షెరీఫ్ పికప్‌ని చుట్టేశాయి. బండి వెనక కప్పిన టార్పాలిన్‌ని ఒక ఆవు పళ్ళతో పట్టి లాగింది. కింద దాణా సంచులు.

సైరన్ ఆపాను. ఊపిరి పొగల మధ్య నూటడెబ్బై ఆవులు తలలెత్తి మా షెరీఫ్ కోసం చూస్తున్నాయి.

"నవంబర్లో ఇవి నీ బీడులో నీ పేరు మీద లెక్కకొచ్చాయి" అన్నాను. "పోయిన నెల ఇక్కడ ఎల్డన్ పేరు మీద. ఒకే మందకి రెండు సాయాలు. మళ్ళీ లెక్కకి వస్తారేమోనని ఇక్కడే ఉంచావు. పస్తు పెట్టలేవు కదా, రోజూ వచ్చి మేపావు. సోమవారం కూడా ఇంటి దగ్గర మోగించినట్టే మోగించావు. చేతికి అలవాటైపోయింది. తొట్టి దగ్గర నడీన్ ఉందని చూసుకోలేదు. ఇప్పుడు నేను చూసిందే ఆమె ఆ రోజు చూసింది."

టోలివర్‌కీ నాకూ మధ్య పది ఆవుల మందం ఉంది. ఆయన వాటి వీపుల మీంచి నన్ను చూశాడు.

"కోర్టులో ఆవుల్ని సాక్ష్యం పెడతావా?"

"నేనొస్తాను సాక్ష్యానికి" అన్నాడు ఎల్డన్.

మేమిద్దరం ఆయన వైపు తిరిగాం. ఒక మణికట్టుకి బేడీ వేలాడుతుండగా, టోపీ లేని తలతో నిలబడి ఉన్నాడు.

"నా సంతకం గురించి చెప్తాను. ఎవరు పెట్టమన్నారో చెప్తాను. జైల్లో వేస్తే వెయ్యనీ. నడీన్ మా పెళ్ళికి పేపర్లో ఫోటో వేసిన మనిషి రాస్. ఆమెని ఇలా వదిలేశావు, బురదలో. పొద్దున వచ్చి చూసేదాకా నేను..."

టోలివర్ భుజం మీది రేడియో మీట నొక్కి, పక్కింటివాళ్ళకి వాన సంగతి చెప్పినంత మామూలుగా అన్నాడు:

"కోడీ, అక్కడ కరెంటు పోయే టైమైంది. మెయిన్ తీసేసి నువ్వు వచ్చెయ్."

నాకు అర్థమయ్యేలోపే ఎల్డన్‌కి అర్థమైంది. "వెర్నా మిషన్" అన్నాడు.

తుపాకీ తీశాను. "వద్దని చెప్పు. ఇప్పుడే చెప్పు వాడికి."

టోలివర్ రేడియో ఊడదీసి తొట్టిలోకి విసిరాడు. గడ్డకట్టిన నీళ్ళలో ఎల్డన్ పొద్దున కొట్టిన కన్నంలో అది బుడుంగుమంది. తుపాకీ పడెయ్యమంటే తన తుపాకీ కూడా రెండు వేళ్ళతో తీసి అందులోనే వేసి, చేతులు పైకెత్తాడు.

"కాల్చు, చేతుల్లో ఏం లేనివాణ్ణి. కరెంటు కోతకి ముసలామె పోయిందంటే ఈ వారం ఎవడూ ఆశ్చర్యపోడు. నువ్వు ఇంటికి ఎలా వెళ్తావో చూస్తా."

అప్పుడు చూశాను. నా సాక్ష్యమే నా దారికి అడ్డం నిలబడింది. రెండు బండ్లనీ మంద బిగించేసింది. హారన్ కొట్టాను, నెట్టాను, తిట్టాను. దాణా పెట్టకుండా కదిలే ఉద్దేశం వాటికి లేదు. ఫోన్ గుట్ట ఎక్కితేగానీ పలకదు. నా కారు రేడియోలో పలికేది షెరీఫ్ ఆఫీసే.

"చిన్న సిలిండరు మూత గట్టిది, తను తిప్పలేదు" అంటూనే ఎల్డన్ ఆవుల్ని మోచేతుల్తో తోసుకుంటూ పికప్ వెనక్కి వచ్చాడు. సంచి మూతి చింపి భుజానికెత్తుకున్నాడు. "ఎడమకి తిప్పాలమ్మా. గొట్టం మంచం కొక్కేనికి ఉంటుంది. వంటింటి తలుపుకి గడియ సరిగా పడదు, భుజంతో కొడితే వస్తుంది."

"మీరు కారెక్కండి, నేను..."

"వీటిని ఎవరు తప్పిస్తారు? వెళ్ళండి."

గుప్పెడు గుప్పెడు దాణా జార్చుకుంటూ గుట్ట వైపు నడిచాడు. ఒక ఆవు తిరిగింది. పది తిరిగాయి. నెల రోజులు ఆయన మంచు కొట్టి నీళ్ళు పెట్టిన మంద, మొదటిసారి ఆయన వెంట నడిచింది.

టోలివర్ చేతులు దించాడు. ఆవుల్ని దాటి వెళ్ళి ఆయనకి బేడీ వేసేంత టైము నాకు లేదు. ఆయనకి యాభై అయిదు, మనిషి దున్నలా ఉంటాడు. ఎల్డన్‌ని ఒక్క చేత్తో పడెయ్యగలడు. ఈ తొట్టి దగ్గర ఒకసారి ఆ పని చేశాడు కూడా. అది ఎల్డన్‌కి తెలుసు. తెలిసే నడుస్తున్నాడు.

నేను పికప్ తాళంచెవి, సీటు వెనక ఉన్న రైఫిల్ లాక్కుని నా కారులోకి దూకాను. ఆవుల మధ్య సందు దొరికింది. ఒకదాని తొడకి తగిలి నా అద్దం విరిగింది. గేటు దారి ఎక్కేటప్పుడు ఎల్డన్ పక్కనుంచే వెళ్ళాను. స్టీరింగు మీంచి వేలు లేపాను.

సంచి బరువుకి ఆయన రెండు చేతులూ ఖాళీ లేవు. అయినా సంచి అంచు మీంచి ఒక వేలు లేచింది. ఆ మణికట్టుకి బేడీ ఊగుతోంది.

మిగిలిన అద్దంలో చూశాను. ఎల్డన్, వెనక మంద, మంద వెనక టోలివర్ నిదానంగా నడుస్తున్నాడు. ఆయనకి తొందర లేదు. తొందరంతా నాదే, ఎదుట ఇంకా ఆరు మైళ్ళు ఉంది.